వెంకటేశం చదువు

‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశాన్ని గురించి మన విమర్శకులు రాసినంతగా అతని శిష్యుడు వెంకటేశాన్ని గురించి రాయలేదు. గిరీశం మాటకారి గనక అందరి దృష్టీ అతని మీదనే నిలిచిపోతుంది. వెంకటేశం ఆ మాటలకు తలవూపే కుర్రవాడు మాత్రమే అనిపిస్తాడు. కాని చదువును గురించి గురజాడ చెప్పదలచుకున్నదంతా ఈ కుర్రవాడి ద్వారానే చెప్పాడు. పరీక్ష తప్పినవాడు, పాఠం రానివాడు, అయినా చదువుకుంటున్నట్టు కనిపించక తప్పనివాడు వెంకటేశం. విద్యార్థులు కృత్రిమ మేధ చేత వ్యాసాలు రాయించి తమవిగా యిస్తున్నారని మన కళాశాలల్లో అధ్యాపకులు ఆందోళన పడుతున్న ఈ రోజుల్లో, ఆ కుర్రవాణ్ణి మరొకసారి పరిశీలించటం అవసరం.

ఈ ఆందోళనకు సాధారణంగా రెండు వ్యాఖ్యానాలు వినిపిస్తాయి. ఈ తరం విద్యార్థుల్లో నీతి నశించిందనేది ఒకటి. యంత్రం వచ్చి చదువును పాడుచేసిందనేది రెండవది. మొదటిది నీతిబోధ, రెండవది యంత్రాన్ని చూసి బెదిరిపోవటం. రెండింటిలోనూ లోపం ఒకటే. యంత్రం రాకముందు, ఈ తరం పుట్టకముందు, మన చదువు ఏ స్థితిలో వుండేదో అవి చూడవు. చూడదలచినవారికి ‘కన్యాశుల్కం’లో సాక్ష్యం వుంది.

ఆ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అది అచ్చయింది. గురజాడ దాన్ని తిరగరాసి 1909లో రెండవ కూర్పు వెలువరించాడు. మనం ఇవాళ చదువుతున్నది ఆ రెండవ కూర్పునే. గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, అక్కడే అధ్యాపకుడుగా పనిచేసినవాడు. కనక కొత్తగా వచ్చిన ఇంగ్లీషు చదువు లోగుట్టు అతనికి పాఠం చెప్పి బతికినవాడికి తెలిసినట్టుగా తెలుసు.

వెంకటేశం పరీక్ష తప్పాడు. ఇంటికి వెళ్లాలంటే భయం. అప్పులవాళ్ల బాధ పడలేక వూరు వదలదలచిన గిరీశానికి ఇది మంచి అవకాశం. సెలవుల్లో చదువు చెప్పే మిషతో శిష్యుడి వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి బయలుదేరతాడు. కొనవలసిన పుస్తకాలంటూ అతను తయారుచేసిన జాబితా డబ్బు రాబట్టటానికే గాని చదవటానికి కాదు. ఇన్నాళ్ల శుశ్రూష వల్ల తనకు అబ్బిన విద్య చుట్ట కాల్చటం తప్ప మరొకటి లేదని ఆ కుర్రవాడే గురువుగారి మొహాన చెబుతాడు. ఆ మాటకు మనం నవ్వి వూరుకుంటాం. కాని నాటకమంతటిలో చదువును గురించి నిజం చెప్పిన మొదటివాడు ఆ కుర్రవాడే.

తరవాత అగ్రహారంలో జరిగే ఘట్టం పాఠకులకు తెలిసినదే. గురుశిష్యులు పెద్దల ఎదట ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. ఆ సంభాషణలో వున్నదేమిటి? చిన్నపిల్లల గేయం నుంచి ఒక ముక్క, వాచకం నుంచి ఒక వాక్యం, రేఖాగణితం నుంచి ఒక సిద్ధాంతం, వ్యాకరణం నుంచి ఒక సూత్రం. ప్రతి వాక్యమూ విడిగా చూస్తే వాక్యమే. ఒకదానికొకటి జవాబు కాదు. అయినా వినేవాళ్లకు అది ధారాళమైన సంభాషణగానే వినిపిస్తుంది. అగ్నిహోత్రావధాన్లకు ఇంగ్లీషు రాదు గనక ఏం మాట్లాడారని గిరీశాన్నే అడగాలి. గిరీశం ఏం చెబితే అది నమ్మాలి.

ఈ మోసంలో ముగ్గురున్నారు. డబ్బు పెట్టే తండ్రి. సరుకు సరఫరా చేసే గురువు. వేదికమీద దాన్ని అప్పజెప్పే కుర్రవాడు. తండ్రికి కావలసింది కొడుకు జ్ఞానం కాదు. కూతుళ్లకు వెల కట్టిన మనిషి కొడుకు చదువుకూ ఖర్చూ రాబడీ లెక్కవేస్తాడు. ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుంది. ఉద్యోగం వస్తే పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. చదువుకు ఉపయోగపు విలువ పోయి మారకపు విలువ ఒక్కటే మిగిలినప్పుడు, నిజమైన చదువుకూ చదువులాంటి చప్పుడుకూ తేడా చూడవలసిన అవసరం కొనేవాడికి వుండదు. మోసం గిరీశం తెలివితేటల వల్లనే సాగలేదు. ఆ తేడాను ఎవరూ అడగని సంతలో సాగింది.

ఒకడు అడిగాడు. కరటకశాస్త్రి. వెంకటేశం చేత తెలుగు పద్యం చదివించి, అందులోని ఒక సమాసానికి అర్థమేమిటని అడుగుతాడు. కుర్రవాడికి నోట మాట లేదు. చిన్నవాడికి అర్థం ఎలా తెలుస్తుందని గిరీశం అడ్డుపడతాడు. కరటకశాస్త్రి పండితుడుగా పేరు మోసినవాడేం కాదు, నాటకాల్లో విదూషక వేషం కట్టేవాడు. వల్లించిన మాటలు పలకటం అతని వృత్తి. మాట తెలిసి పలికినవాడెవడో, తెలియక పలికినవాడెవడో అతనికి ఇట్టే తెలిసిపోతుంది. నాటకంలో వెంకటేశానికి జరిగిన అసలు పరీక్ష అది ఒక్కటే.

ఈ ఘట్టాన్ని హాస్యంగా మాత్రమే తీసుకుంటే గురజాడను సగమే చదివినట్టు. ఎందుకంటే తన జీవితం చివరి సంవత్సరాల్లో ఇదే సమస్యతో అతను హాస్యం వదిలి తలపడ్డాడు. విద్యార్థులు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న విషయం మీద మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన ఉపసంఘంలో అతను సభ్యుడు. అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపు మొగ్గితే, 1914లో తన అసమ్మతి పత్రం రాసి యిచ్చాడు. మరుసటి ఏడే మరణించాడు. ఆ పోరాటంలో అతని సహచరుడు గిడుగు రామమూర్తి, 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవాడు, 1880 నుంచి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవాడు. ఆయన కూడా 1913లో ఆధునికాంధ్రాన్ని సమర్థిస్తూ ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం ప్రచురించాడు.

ఆ వివాదాన్ని క్రియారూపాల తగాదాగా చెప్పుకోవటం మనకు అలవాటయింది. అది అంతమాత్రమే అయితే ఇద్దరు ఉపాధ్యాయులు తమ ఆరోగ్యాన్ని అందుకు ధారపోయనవసరం లేదు. తాను ఏనాడూ మాట్లాడని, తన చుట్టూ ఎవరూ మాట్లాడని భాషలో రాయమంటే విద్యార్థి ఏం చేస్తాడు? ఆలోచించి రాయలేడు, ఆలోచన వచ్చే భాష వేరు, రాయవలసిన భాష వేరు. కనక ఎవరో రాసిన వాక్యాల్ని కంఠస్థం చేసి దించుతాడు. తప్పు లేకుండా దించినవాడికి మార్కులు. సొంతంగా ఆలోచించి తప్పుగా రాసినవాడికి సున్న. అంటే ఆ పరీక్ష విధానమే కాపీని కోరుతుంది. జేబులో చీటీ పెట్టుకుని దించితే నేరం, బుర్రలో చీటీ పెట్టుకుని దించితే ప్రథమశ్రేణి. వ్యావహారిక వాదం కేవలం శైలికి సంబంధించిన వాదం కాదు. విద్యార్థి రాసిన దానికి విద్యార్థే కర్త కావాలన్న వాదం అది.

ఆ వాదం గెలిచింది. ఇవాళ ఏ విద్యార్థినీ గ్రాంథికంలో రాయమని ఎవరూ బలవంతపెట్టటం లేదు. కాని దాని సారాంశం గెలిచిందా? గైడు చదివి, నోట్సు వల్లించి, ముఖ్యమైన పది ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి పరీక్ష రాయటమే ఇప్పటికీ మన చదువు. అది వ్యావహారికంలో జరుగుతున్నది, అంతే తేడా.

యంత్రాన్ని నిందించేవారు రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ 2021లోనూ కరోనా మూలంగా పదో తరగతి పరీక్షలు రద్దయినాయి. 2022 ఏప్రిల్ 27న మళ్లీ మొదలయినాయి. మొదలైన రోజు నుంచే ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో తిరిగాయి. పోలీసులు అరెస్టు చేసినవారిలో ఉపాధ్యాయులు వున్నారు. ఆ ఏడు ఉత్తీర్ణులైనవారు 67.26 శాతం. చాట్‌జీపీటీ అనే యంత్రం లోకానికి వెల్లడి అయింది 2022 నవంబరు 30న, అంటే ఏడు నెలల తరవాత. పరీక్ష గది తలుపులు అంతకు ముందే తెరిచి వున్నాయి. ప్రశ్నపత్రాన్ని ఫోటో తీసి బయటికి పంపినవాడికి కృత్రిమ మేధ అవసరం లేకపోయింది. ఫలితాల శాతం పెరగాలి, తమ బడి పేరు పత్రికల్లో పడాలి అన్న వ్యాపారపు మేధ చాలింది.

అయితే యంత్రం కొత్తగా తెచ్చింది ఏమీ లేదా? వుంది. దాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. ఈ యంత్రం అపారమైన రచనా రాశిని చదివి, ఏ మాట తరవాత ఏ మాట రావటానికి ఎక్కువ అవకాశం వుందో లెక్కగట్టి, మాట వెంట మాట పేర్చుకుంటూ పోతుంది. ఆ లెక్క ఎంత సూక్ష్మమయిందంటే చాలా సందర్భాల్లో జవాబు సరిగానే వుంటుంది. సరిగా లేనప్పుడు కూడా అంతే ధారగా, అంతే ధీమాగా వుంటుంది. గిరీశం మాటల్లాగా. పోలిక ఇక్కడితో ఆపాలి. గిరీశానికి మోసగించే ఉద్దేశం వుంది. యంత్రానికి ఏ ఉద్దేశమూ లేదు. ఉద్దేశాలు దాన్ని అమ్మే కంపెనీలకు వున్నాయి. గిరీశం ఒక కుర్రవాడికి మాత్రమే గురువు. ఇది రాత్రింబవళ్లు, చుట్టలకు డబ్బులడగకుండా, ప్రతి విద్యార్థి జేబులోనూ వున్న గురువు. ఇదివరకు కాపీకి కూడా కొంత శ్రమ పడవలసి వచ్చేది. చీటీ రాసుకునేటప్పుడు ఒక్కసారి చదవటమయినా జరిగేది. ఆ శ్రమ కూడా ఇప్పుడు లేదు.

మరొక నష్టం మన దృష్టికి రానిది. ఈ యంత్రం రాసే తెలుగు ఎవరి తెలుగు? అంతర్జాలంలో దొరికే తెలుగులో పత్రికల భాషా, ప్రకటనల భాషా, అనువాదాల భాషా ఎక్కువ. ‘బేగి రా’ అని పిలిచే తల్లి మాట, ‘గుంటడు’, ‘కంబారి’ అన్న మాటలు అందులో ఎంత వుంటాయి? అందుకే యంత్రం రాసిన వ్యాసం వాక్యం వాక్యానా నున్నగా, ఏ వూరికీ చెందకుండా, ఏ నోటా పలకకుండా వుంటుంది. అడిగినవాడు శ్రీకాకుళం వాడయినా చిత్తూరు వాడయినా వచ్చే సరుకు ఒకటే. వందేళ్ల కిందట గ్రాంథికం చేసిన పని ఇదే. ఆనాడు విద్యార్థి నోటి నుంచి భాషను తప్పించింది పండితులు. ఈనాడు తప్పిస్తున్నది యంత్రం. ఇది కొత్త గ్రాంథికం. పాత గ్రాంథికం కష్టపెట్టి దూరం చేసింది. ఇది సుఖపెట్టి దూరం చేస్తుంది. సుఖపెట్టే దానితో పోరాడటం మరింత కష్టం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కవిటి నుంచో సోంపేట నుంచో వచ్చిన విద్యార్థికి ఉద్దానం కిడ్నీ జబ్బుల మీద వ్యాసం రాయమని యిచ్చాం అనుకోండి. యంత్రాన్ని అడిగితే నాలుగు పేరాల వ్యాసం క్షణంలో వస్తుంది: ఉపోద్ఘాతం, కారణాలు, ప్రభుత్వ చర్యలు, ముగింపు. అందులో తప్పు లేకపోవచ్చు. కాని ఆ విద్యార్థి వీధిలోనే డయాలసిస్‌కు వెళ్లి వచ్చే మనిషి వున్నాడు. బస్సుకెంత అవుతుందో, ఆ రోజు కూలి ఎంత పోతుందో, ఏ బావి నీళ్లు తాగటం ఎప్పుడు మానేశారో ఆ కుర్రవాడికి తెలుసు. అదేదీ వ్యాసంలో లేదు. ఇంకా విచిత్రమేమంటే, ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఏళ్ల తరబడి పరిశోధకులు శోధించినా ఇంకా తేలలేదు. తేలని ప్రశ్న దగ్గర తయారు జవాబుకు విలువ లేదు; చూసి, అడిగి, లెక్కరాసి, పోల్చగల మనిషికి విలువ వుంది. ఆ మనిషి ఉద్దానంలోనే తయారుకావాలి. అతన్ని తయారుచేయవలసిన వ్యాసమే అతన్ని పక్కకు నెట్టి రాయబడింది.

నష్టం ఎవరిదో ఇక్కడ స్పష్టపడుతుంది. విద్యార్థుల పక్షాన మాట్లాడే మన మిత్రులు కొందరు ఒక వాదం చేస్తారు. ఈ పరీక్షలు వర్గసమాజం తన అవసరానికి పెట్టుకున్న జల్లెడ. ఆ జల్లెడను మోసగించటం పేదవాడికి పాపం కాదు అని. వినటానికి ఇది విప్లవాత్మకంగా వుంటుంది. పరీక్ష జల్లెడ అన్న మాట నిజమే. కాని కాపీ వల్ల జల్లెడ చిరగదు; జల్లెడ పట్టే చోటు మారుతుంది, అంతే. పట్టాకు విలువ పోయినప్పుడు ఉద్యోగమిచ్చేవాడు పట్టాను చూడటం మానేసి మాటతీరు చూస్తాడు, కుటుంబం చూస్తాడు, సిఫార్సు చూస్తాడు, లక్షలు పోసి నేర్చిన కోర్సులు చూస్తాడు. ఉన్నవాడి కొడుక్కి చదువు రాకపోయినా గడుస్తుంది. తండ్రి వ్యాపారం వుంది. అగ్నిహోత్రావధాన్ల కొడుక్కి కూడా భూములున్నాయి. కూలికి పోయే తల్లి చదివించుకుంటున్న కూతురికి, మత్స్యకారుల పల్లె నుంచి మొదటిసారి కళాశాల గడప తొక్కిన కుర్రవాడికి, తలలో వున్నది తప్ప మరొక ఆస్తి లేదు. వాళ్లను కాపీ కొట్టనివ్వటం దయ కాదు. వాళ్లకు రావలసిన ఒక్క ఆస్తినీ రాకుండా చేయటం.

దీనికి ఎదురుగా పోలీసువాదం వుంది. చట్టాలు బిగించమంటారు, పట్టే పరికరాలు పెట్టమంటారు. చట్టాలకు లోటు లేదు. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను నిరోధించే చట్టం మన రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. 2022లో అది అమలులో వుండగానే ప్రశ్నపత్రాలు బయటికి వచ్చాయి. 2024లో కేంద్రం మరొక చట్టం తెచ్చింది. పరీక్ష రాసేవాళ్లను వదిలి, ప్రశ్నపత్రాలతో వ్యాపారం చేసే ముఠాల మీద గురిపెట్టింది. అంతవరకు అది సరయినదే. కాని ఇంటి దగ్గర రాసే వ్యాసాన్ని ఏ చట్టం కాపలా కాస్తుంది?

ఇక పరికరాల సంగతి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే, యంత్రం రాసినదాన్ని గుర్తుపట్టే ఒక పరికరం విడుదల చేసి, అది సరిగా పట్టలేకపోతున్నదని 2023 జులైలో మూసివేసింది. అదే ఏడు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇటువంటి పరికరాలు ఏడింటిని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని యంత్రం రాసినవిగా అవి ముద్ర వేశాయి. కారణం, పరాయిభాషలో రాసేవారి మాటల సంపద తక్కువ, వాక్యాలు సాదా. ఈ పరికరాన్ని మన కళాశాలలో పెడితే ఏమవుతుంది? తెలుగు మీడియంలో చదివి, నాలుగు ఇంగ్లీషు వాక్యాలు కష్టపడి సొంతంగా కూర్చుకున్న పిల్ల దొంగ అవుతుంది. యంత్రం రాసినదానికి మరొక యంత్రం చేత మెరుగులు దిద్దించగలవాడు దొర అవుతాడు.

మూడవ వాదం యంత్రవాదుల నుంచి వస్తుంది. ఇది పేదవాడి ట్యూషను మాస్టారు, వేలు పోసి కోచింగుకు పోలేనివాడికి ఉచితంగా దొరికిన గురువు అంటారు. ఈ వాదాన్ని తోసిపుచ్చటానికి వీలులేదు. అభ్యుదయవాదులు యంత్రానికి శత్రువులు కారు. మగ్గాన్ని విరగ్గొట్టటం కాదు, మగ్గం ఎవరి చేతిలో ఎందుకు ఆడుతున్నదో అడగటం మన పని. టర్కీలో దాదాపు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో జరిపిన ఒక ప్రయోగం ఇక్కడ ఉపయోగిస్తుంది. దాని ఫలితాలు 2024లో వెల్లడి అయినాయి. లెక్కలు సాధన చేసేటప్పుడు కొందరికి మామూలు యంత్రం యిచ్చారు. సాధనలో వాళ్ల మార్కులు 48 శాతం పెరిగాయి. తరవాత యంత్రం తీసేసి పరీక్ష పెడితే, అసలు యంత్రమే ఎరగని విద్యార్థుల కన్న 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. మరికొందరికి ఉపాధ్యాయులు తయారుచేసిన సూచనలతో, జవాబు చెప్పకుండా దారి మాత్రం చూపే యంత్రం యిచ్చారు. వాళ్ల సాధన ఇంకా బాగా సాగింది, పరీక్షలో ఆ నష్టమూ చాలావరకు తప్పింది. అంటే జవాబు చేతికిచ్చే గురువు శిష్యుణ్ణి బలహీనపరుస్తాడు; ప్రశ్న దగ్గర నిలబెట్టే గురువు అలా చేయడు. ఇది యంత్రానికీ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది. తరగతిలో నోట్సు చెప్పి రాయించే అధ్యాపకుడు ఆ మొదటి రకం యంత్రమే. అతన్ని చాట్‌జీపీటీ తొలగించిందని విచారించనవసరం లేదు.

చదువు విలువ ఏమిటన్న ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. జవాబే చదువయితే, యంత్రం వచ్చాక చదువుకు విలువ లేనట్టే. జవాబు అందరికీ ఉచితంగా దొరుకుతున్నది గనక. కాని విలువ శ్రమలో వుందని మనం ఆర్థికశాస్త్రంలో నేర్చుకున్నాం. చదువులో ఆ సూత్రం మరొక రకంగా నిజం. చేనులో పడిన శ్రమకు పంట వేరే వస్తువుగా బయటికి వస్తుంది. ఎవరు కోసినా పంట పంటే. చదువులో పడిన శ్రమకు పంట ఆ శ్రమపడ్డ మనిషే. రాసిన కాగితం గడ్డి మాత్రమే. దాన్ని ఎంత అందంగా పోగుచేసినా గింజ అందులో వుండదు.

గిడుగు సవరభాష నేర్చుకున్న విధం దీనికి నిదర్శనం. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాట విని, రాసుకుని నేర్చాడు. ఆ భాషలో పాఠాలు తయారుచేసి సవర పిల్లలకు బడులు నడిపాడు. సవరభాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. అంటే మొదలుపెట్టిన కొన్ని దశాబ్దాలకు. ముఖలింగం శాసనాలు చదవాలని బుద్ధిపుట్టి పాత లిపులు కూడా ఇలాగే స్వయంగా నేర్చుకున్నాడు. ఇవాళ ఒక భాష నుంచి మరొక భాషకు యంత్రం క్షణంలో మార్చిపెడుతుంది. కాని ఎదటి మనిషి మాటను చెవియొగ్గి వినటంలో ఒక అధికారపు కులం అయ్యగారు కొండమీది మనిషికి శిష్యుడయినాడు. ఆ మార్పును ఏ అనువాదయంత్రం చేసిపెడుతుంది?

అయితే మనం చేయవలసినదేమిటి? కరటకశాస్త్రి చేసిన పని. అర్థం అడగటం. వ్యాసం తెచ్చిన విద్యార్థిని కూర్చోబెట్టి, ఈ వాక్యం ఎందుకు రాశావు, ఈ మాటకు అర్థమేమిటి, దీనికి విరుద్ధంగా ఎవరయినా అంటే నీ జవాబేమిటి అని పది నిమిషాలు అడిగితే చాలు. దొంగతనం పట్టుకోవటానికి కాదు. రాసినదానికి విద్యార్థిని కర్తను చేయటానికి. యంత్రం సాయంతో రాసినా, ఆ ప్రశ్నలకు నిలబడగలిగితే అతనికి చదువు వచ్చినట్టే.

రెండవది, ప్రశ్నలు మారాలి. అరసవల్లి దేవాలయంలో ఏటా మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు ఎండ గర్భగుడిలోని విగ్రహం పాదాలమీద పడుతుంది. వేలమంది చూడవస్తారు. ‘అరసవల్లి ప్రాశస్త్యం’ అని వ్యాసం రాయమంటే యంత్రం రాసిపెడుతుంది. అలాకాక, ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఆ రెండు సమయాలే ఎందుకు అని అడిగి, నెలకొకసారి సూర్యుడు ఏ చెట్టుకు సూటిగా పొడుస్తున్నాడో తన డాబామీద నుంచి చూసి గుర్తుపెట్టమంటే? డిసెంబరులో సూర్యుడు దక్షిణపు కొసకు పోయి తిరుగుతాడు. ఆ కొసకు అటు సుమారు 80 రోజులు, ఇటు సుమారు 80 రోజులు. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ఒకే చోట పొడుస్తాడు. ఈ మూడు వాక్యాలూ యంత్రం కూడా చెబుతుంది. కాని డాబామీద నిలబడి రోజులు లెక్కపెట్టిన పిల్లకు అది మహిమ కాదు, కట్టినవాడి లెక్క అని తనంతట తనకు తట్టిన క్షణం వుంటుంది. చదువంటే ఆ క్షణం.

అలాగే శ్రీకాకుళంలో కథానిలయం వుంది. లెక్కల మాస్టారుగా పనిచేసిన కాళీపట్నం రామారావుగారు 1997లో దాన్ని స్థాపించి, తెలుగు కథలన్నీ ఒక చోట చేర్చాలని చివరిదాకా శ్రమించారు. అక్కడికి పోయి తన మండలం మీద వచ్చిన ఒక కథ వెతికి, దాన్ని ఇంట్లో ముసలమ్మకు చదివి వినిపించి, ఆమె ఏమన్నదో ఆమె మాటల్లోనే రాసుకురమ్మంటే, ఆ వ్యాసాన్ని ఏ యంత్రమూ రాయలేదు. కొత్త గ్రాంథికానికి విరుగుడు కూడా అదే.

ఇందుకు అడ్డమేమిటో అధ్యాపకులకు తెలుసు. తరగతిలో డెబ్భై మంది వుంటే ఒక్కొక్కరినీ పది నిమిషాలు అడగటానికి పన్నెండు గంటలు కావాలి. ఖాళీలు నింపకుండా, కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేయించుకునే ప్రభుత్వం ఆ పన్నెండు గంటలు ఎక్కడినుంచి తెస్తుంది? కనక కాపీ సమస్య విద్యార్థి అంతరాత్మ సమస్యగా మొదలయి అధ్యాపకుల నియామకాల సమస్యగా తేలుతుంది. అర్థం అడిగే మనిషిని నియమించటానికి డబ్బు లేదని చెప్పి, జవాబిచ్చే యంత్రాన్ని కొని తరగతిలో పెట్టే రోజు దూరంలో లేదు. అది ఉన్నవాళ్ల పిల్లల బడుల్లో జరగదు. వాళ్లకు మనుషులే పాఠం చెబుతారు. మనిషి గురువు వాళ్లకూ, యంత్రపు గురువు మనకూ అన్న విభజన జరగకముందే విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి దీన్ని తమ కోరికల పట్టికలో పైన రాసుకోవాలి.

‘కన్యాశుల్కం’ చివర గిరీశానికి సౌజన్యారావు పంతులు దొరికాడు. అతని అబద్ధాలు బయటపడ్డాయి, చీవాట్లు పడ్డాయి, నాటకం ముగిసింది. వెంకటేశం ఏమయినాడో గురజాడ చెప్పలేదు. చుట్ట కాల్చటం తప్ప మరేమీ నేర్పలేదని గురువు మొహాన నిజం చెప్పగలిగిన కుర్రవాడు మళ్లీ బడికి వెళ్లాడో, మానేశాడో మనకు తెలియదు. అతను ఇప్పుడు మన తరగతిలో మూడవ వరసలో కూర్చుని వున్నాడు. అతని చేతిలో మంచి వ్యాసం వుంది. దాని అర్థం అతన్ని అడగాలి.